కాలవకి నీళ్లొదిలారా?

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్న చాలామంది ఇళ్లలో ఒకరో ఇద్దరో బయటి దేశంలో ఉండే ఉంటారు. మన బెజవాడలో ఎక్కడ నలుగురు కలిసినా వెళ్లబోయే పిల్లల వీసా కబుర్లే గానీ, ఎప్పుడో వెళ్లి అక్కడే ముసలివాళ్లయిపోయినవాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు.

మా పెదనాన్నది తెనాలి దగ్గర పల్లె. 1966లో బర్మింగ్‌హామ్ పక్కన స్మెత్విక్ వెళ్లి ఫౌండ్రీలో చేరాడు. "ఇంకో రెండేళ్లు చేసి వచ్చేస్తా" అని ప్రతి ఉత్తరంలో రాసేవాడు. రిటైరయ్యాక నిజంగానే వచ్చేద్దామనుకుంటే అప్పుడు తెలిసింది, ఇండియాలో స్థిరపడితే బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ వస్తుంది గానీ ఏటా ఇచ్చే పెంపు రాదు, వచ్చిన రోజు ఎంతుందో పదేళ్ల తర్వాతా అంతే. అదే అమెరికాలో స్థిరపడితే పెరుగుతుంది! కొలిమి ముందు కరిగిన ఒళ్లు ఒకటే, జీతంలో కోసుకున్న డబ్బూ ఒకటే, మరి ఈ తేడా ఏం న్యాయం? దీన్ని మన ఎంపీలు గట్టిగా అడగాలి.

ఫ్రాన్స్‌లో ఇంకో రకం. అల్జీరియా, మొరాకోల నుంచి పనికొచ్చి అక్కడే తల నెరిసినవాళ్లని 'షిబానీలు' అంటారు. భార్యాపిల్లలు సొంతూళ్లో, వీళ్లేమో హాస్టల్లో చిన్న గదిలో. పేద వృద్ధులకిచ్చే భృతి కావాలంటే ఏడాదిలో ఆరు నెలలకు పైగా ఫ్రాన్స్‌లోనే ఉండాలన్న రూలుని 2023లో తొమ్మిది నెలలు చేశారు. మనవళ్లతో ఎన్ని రోజులు గడిపామో లెక్కపెట్టుకుంటూ ఉండాల్సిన ముసలితనం అది.

పెదనాన్న రాలేదు. పెద్దమ్మ పోయింది, పిల్లల్లేరు, మతిమరుపు జబ్బు ముదిరాక వృద్ధాశ్రమంలో చేర్చారు. ఈ జబ్బులో కొంతమందికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది. ఆయనకి ఇంగ్లీషు పోయి తెలుగు మిగిలింది. ఒకరోజు నర్సు ఫోన్ చేసి ఆయన చెవి దగ్గర పెట్టింది, రెండు రోజులుగా దేనికో ఏడుస్తున్నాడు, ఏమిటో కనుక్కోమని. "గుక్కెడు మజ్జిగ ఇమ్మనరా" అన్నాడు.

ఆ రాత్రే మజ్జిగ, దుప్పటి, నొప్పి, చలి, ఇలా ఇరవై మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, అర్థాలతో సహా రాసి పంపాం. మీవాళ్లెవరైనా అలా ఉంటే ఈ పని ఇవాళే చేయండి. ఆ అమ్మాయి దాన్ని మంచం పక్కన గోడకి అంటించింది. వారం తర్వాత మళ్లీ ఫోన్ చేసి, రోజూ పొద్దున్నే ఒకే మాట అడుగుతున్నాడు, అది కాగితంలో లేదంది. వినిపించమన్నాం. "కాలవకి నీళ్లొదిలారా?"

మన బ్యారేజీ నుంచి కాలవలకి నీళ్లొదలడం గురించి, నాట్ల గురించి ఆమెకి చెప్పి, "వదిలారు" అనడం నేర్పించాం. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆయన అడుగుతాడు, ఆమె చెబుతుంది.