జానీ చాన్: గెలిచిన డీల్, ఓడిన డీల్

సభకు నమస్కారం. పోకర్ చాంపియన్ అనగానే ఎన్ని లక్షల డాలర్లు గెలిచాడన్న లెక్క ముందుకొస్తుంది. జానీ చాన్‌ను అర్థం చేసుకోవాలంటే ఆ లెక్కకన్నా రెండు డీల్స్, అంటే ముక్కలు పంచి ఆడిన రెండు ఆటలు, చూడటం మేలు.

చాన్ 1957లో చైనాలోని గ్వాంగ్‌జౌలో పుట్టాడు. హాంకాంగ్ మీదుగా అమెరికా చేరిన కుటుంబం హ్యూస్టన్‌లో స్థిరపడింది. హోటల్ మేనేజ్‌మెంట్ చదువు మధ్యలో మానేసి లాస్ వేగాస్ వెళ్లిపోయాడు. 1987లో అక్కడి బినియన్స్ హార్స్‌షూ కేసినోలో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ అనే పోటీల్లోని ప్రధాన పోటీ, మెయిన్ ఈవెంట్, గెలిచాడు. సిగరెట్ పొగ పడక టేబుల్ మీద నారింజ పండు పెట్టుకుని వాసన చూసేవాడు. అది అదృష్టం కోసమనుకున్నవాళ్లూ ఉన్నారు లెండి!

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఈ పోటీలో ఆడే పోకర్ రకం హోల్డెమ్‌లో చేతికి రెండు కార్డులొస్తాయి. టేబుల్ మీద అందరికీ ఉమ్మడిగా ఐదు తెరుస్తారు. ముందు మూడు, అది ఫ్లాప్. తర్వాత టర్న్, చివర రివర్. ఈ ఏడింటిలో మేలైన ఐదే లెక్క.

1988లో అదే మెయిన్ ఈవెంట్‌కు 167 మంది తలా 10,000 డాలర్లు కట్టి దిగారు. చివరికి మిగిలింది చాన్, ఎరిక్ సైడెల్. ఆఖరి డీల్‌లో చాన్ చేతిలో కళావరు జాకీ, తొమ్మిది. సైడెల్ చేతిలో రాణి, ఏడు. ఫ్లాప్‌లో రాణి, ఎనిమిది, పది పడ్డాయి. అంటే ఎనిమిది నుంచి రాణి దాకా చాన్‌కు వరస కుదిరిపోయింది. రమ్మీలో ప్యూర్ సీక్వెన్స్‌లా ఒకే రంగు అక్కర్లేదు, ఈ స్ట్రెయిట్‌కు ఏ రంగైనా చెల్లుతుంది. అప్పటికి దాన్ని మించిన చెయ్యి లేదు. తర్వాత పడిన రెండు, ఆరు కూడా దాన్ని మార్చలేదు.

కొత్త ఆటగాడు సరిగ్గా ఇక్కడే చెడగొట్టుకుంటాడు. మంచి ముక్కలు పడ్డ సంబరంలో భారీ పందెం వేస్తాడు, ఎదుటివాడు దణ్ణం పెట్టి ముక్కలు పడేస్తాడు. సైడెల్ దగ్గరున్నది రాణుల జత. టేబుల్ మీద అంతకన్నా పెద్ద ముక్క లేదు కనుక ఆ జత మీద అతనికి నమ్మకం కుదరడం సహజమే. ఆ నమ్మకం చెదరకుండా చూసుకోవడమే చాన్ చేసిన పని. బలం బయటపడేలా పందెం పెంచలేదు. చివరికి సైడెల్ తనంతట తానే చిప్స్ మొత్తం ముందుకు తోశాడు. బహుమతి 7,00,000 డాలర్లు.

1989లో మూడోసారి కూడా చివరిదాకా వచ్చాడు. ఎదురుగా ఇరవై నాలుగేళ్ల ఫిల్ హెల్‌మ్యూత్. అతనికి తొమ్మిదుల జత, చాన్‌కు ఇస్పేటు ఆసు, ఏడు. చిప్స్ మొత్తం మధ్యలోకి వెళ్లేసరికి చాన్‌కున్న అవకాశం మూడింట ఒక వంతు. టేబుల్ మీద రాజు, పది, రాజు, ఆపై రాణి. ఇక ఒక్క ముక్కే మిగిలింది. ఆసు పడితే చాన్ గెలుస్తాడు, అవి మూడు. జాకీ పడితే పది నుంచి ఆసు దాకా వరస, అవి నాలుగు. పది గానీ రాణి గానీ పడితే టేబుల్ మీదే రెండు పెద్ద జతలు తయారై హెల్‌మ్యూత్ తొమ్మిదులు చెల్లకుండా పోతాయి, అప్పుడు చాన్ ఆసుదే పైచేయి. అవి మూడేసి, ఆరు. కనపడని 44 ముక్కల్లో మొత్తం 13 చాన్‌వి. పడింది ఆరు ముక్క, చాన్ ఓడిపోయాడు.

దీన్ని తప్పుటాట అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఇద్దరే మిగిలాక ఆసు వచ్చినా వదులుకుంటూ కూర్చుంటే బ్లైండ్స్‌కే, అంటే ముక్కలు చూడకముందే తప్పనిసరిగా కట్టే పందేలకే, చిప్స్ హరించుకుపోతాయి.

చాన్ 2002లో పోకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. 2005లో పదో బ్రేస్‌లెట్ (వరల్డ్ సిరీస్‌లో ఒక పోటీ గెలిచినవాళ్లకిచ్చే కడియం) గెలిచాడు, పది అందుకున్న మొదటివాడు అతనే. మరో పోకర్ ఆటగాడు డోయిల్ బ్రన్సన్ కొద్ది రోజుల తేడాతో రెండోవాడయ్యాడు. 1988లో 167 మంది ఆడిన మెయిన్ ఈవెంట్‌లో 2023కల్లా 10,043 మంది ఆడారు. 1988 తర్వాత ఆ టైటిల్‌ను వరసగా రెండేళ్లు నిలబెట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు.