రోదసిలో కాపురం: లెక్క ఎక్కడ తప్పుతుంది?

అందరికీ నమస్కారం.

గ్రహాంతరవాసుల మాట రాగానే ఎంత వేగంతో వస్తారు, ఏ ఇంధనం వాడతారు అని అడుగుతారు. నన్నడిగితే, నక్షత్రాలు దాటి వచ్చే నాగరికత ఏదైనా సరే, ముందు తన మూత్రాన్ని తాను మళ్ళీ తాగడం నేర్చుకుని ఉండాలి. మనం ఆ పాఠం మొదలుపెట్టి ఎన్నో ఏళ్ళు కాలేదు.

ఒక మనిషికి రోజుకు సుమారు 3.8 లీటర్ల నీళ్ళు అనుకుందాం. నలుగురు అంగారకుడి దాకా వెళ్ళి రావడానికి వెయ్యి రోజులు. అంటే 15 టన్నుల పైమాటే. మోసుకెళ్ళడం కుదరదు, తిప్పి తిప్పి వాడాల్సిందే.

మూత్రాన్ని మళ్ళీ తాగునీరుగా మార్చే యంత్రం అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి 2008 నవంబరులో చేరింది. భూమ్మీదైతే మరిగే నీళ్ళు కిందుంటాయి, ఆవిరి పైకి పోతుంది. అక్కడ పైనా లేదు, కిందా లేదు. అందుకని డ్రమ్మును గిరగిరా తిప్పుతారు. మూత్రం గోడకు పలచగా అతుక్కుంటుంది, ఆవిరి మధ్యలో చేరుతుంది. లోపల పీడనం బాగా తక్కువ కాబట్టి గోరువెచ్చని వేడికే మరుగుతుంది. ఆ ఆవిరిని నొక్కి డ్రమ్ము బయటి వైపు చల్లబరిస్తే, అది వదిలే వేడి లోపలి మూత్రాన్ని మరిగిస్తుంది. కరెంటు ఆదా. తర్వాత వడపోతలు, వేడి ఉత్ప్రేరకం, చివర క్రిములు పెరగకుండా అయోడిన్. తాగబోయే ముందు ఆ అయోడిన్ కూడా తీసేయాలి, థైరాయిడ్‌కు మంచిది కాదు.

మూత్రంలో 85 శాతం నీరు వెనక్కి రావాలని రూపకల్పన. మరుసటి ఏడాదే యంత్రం మొరాయించింది. విప్పి చూస్తే లోపల జిప్సం! గీజర్ కాయిల్‌కు సున్నం పట్టినట్టు పట్టేసింది. ఎక్కడిదది? బరువు తెలియని చోట ఎముకలు కరుగుతాయి, ఆ కాల్షియం మూత్రంలోకి దిగుతుంది. మూత్రం చెడిపోకుండా కలిపేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. రెండూ కలిస్తే కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సమే. నేల మీద పరీక్షించింది నేల మీద మనుషుల మూత్రంతో కదా, బయటపడలేదు. కొన్నాళ్ళు 75 శాతం లోపే తీసి సర్దుకున్నారు. చివరికి ఫాస్ఫారిక్ ఆమ్లానికి మారాక 85 తిరిగొచ్చింది. మిగిలిన చిక్కటి ఉప్పునీటిని కూడా ఆరబెట్టే పరికరం వచ్చాక, 2023లో మూత్రం, చెమట, ఊపిరి తేమ అన్నీ కలిపి మొత్తం నీటి పునరుద్ధరణ 94 నుంచి 98 శాతానికి చేరింది. నాలుగు శాతమేగా అనుకోకండి. ఆ 15 టన్నుల లెక్కలో నష్టం 900 లీటర్ల నుంచి 300కు పడింది.

గాలి సంగతి ఇంకా వెనకే ఉంది. నీటిని విడగొట్టి ఆక్సిజన్ తీస్తారు. మిగిలిన హైడ్రోజన్‌ను మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌తో కలిపితే మళ్ళీ నీరు, దాంతో పాటు మీథేన్ వస్తాయి. ఆ మీథేన్‌ను బయటికి వదిలేస్తే హైడ్రోజన్ కూడా దాంతోనే పోతుంది. అందుకే కార్బన్ డయాక్సైడ్ అంతటికీ హైడ్రోజన్ చాలదు.

మొక్కలు పెంచితే సరి అంటారు. అమెరికాలో ఆరిజోనాలో 1991లో ఎనిమిది మంది 1.27 హెక్టార్ల గాజు భవనంలోకి వెళ్ళి తలుపులు మూసుకున్నారు. పేరు బయోస్ఫియర్ 2. లోపల అడవి, పొలం, చిన్న సముద్రం కూడా ఉన్నాయి. పదహారు నెలల్లో ఆక్సిజన్ 21 శాతం నుంచి 14 దగ్గరకు దిగింది. ఎరువు దండిగా వేసిన మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని తినేశాయి. అంతవరకూ అర్థమైంది. కానీ అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఏమైంది? గాలిలో ఉంటే మొక్కలు తిరిగి ఆక్సిజన్ చేసేవి. ఇక్కడా దోషి కాల్షియమే. పచ్చి కాంక్రీటు గోడల్లోని సున్నం ఆ వాయువును పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా మారిపోయింది. 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కించాల్సి వచ్చింది.