షోలో: బొచ్చు పోయింది, పళ్లూ పోయాయి

అందరికీ నమస్కారం.

వీధిలో ఒంటిమీద బొచ్చు లేని కుక్క కనిపిస్తే మనం ఏమంటాం? "గజ్జి కుక్క, దగ్గరికి పోకు" అని పిల్లల్ని పక్కకు లాగేస్తాం. ఈ ఫొటో వేయగానే ముందు వరుసలో ఇద్దరు మొహం చిట్లించడం నేను చూశాను. తప్పేం లేదు. కానీ దీనికి ఏ గజ్జీ లేదు, పుట్టుకే ఇంత. ఇది మెక్సికో కుక్క, పేరు షోలోఇట్స్‌క్వింట్లి. నోరు తిరక్కపోతే షోలో అనండి, అక్కడా అలాగే అంటారు.

మెక్సికోను ఒకప్పుడు ఏలిన అజ్టెక్‌ల నాహువాట్ల్ భాషలో ఇట్స్‌క్వింట్లి అంటే కుక్క. షోలోట్ల్ అనేది కుక్క తల ఉన్న ఒక దేవుడి పేరు. చనిపోయినవాళ్లు పోయే దారిలో ఒక నది ఉంటుందని, కుక్కే దాన్ని దాటిస్తుందని వాళ్ల నమ్మకం. వైతరణి దగ్గర మనకు ఆవు తోక, వాళ్లకు కుక్క వీపు. 16వ శతాబ్దంలో బెర్నార్డినో డి సాహగూన్ అనే స్పానిష్ పాద్రీ ఈ కథ రాసిపెట్టాడు. తెల్ల కుక్కను అడిగితే "ఇప్పుడే స్నానం చేశాను" అంటుందట. నల్ల కుక్క "ఒంటికి మరకలయ్యాయి" అంటుందట. చివరికి పసుపు రంగు కుక్కే మోస్తుంది. సాకులు మనకే వచ్చనుకున్నాం! బొచ్చు లేని కుక్కలకు రాత్రిపూట దుప్పటి కప్పేవారని కూడా ఆయనే రాశాడు. అంత నమ్మకం ఉన్నా కుక్క మాంసం తినేవాళ్లు, అదీ నిజమే.

ఇక అసలు సంగతి. 2008లో శాస్త్రవేత్తలు కారణం పట్టుకున్నారు. ఫాక్స్‌ఐ3 అనే జన్యువులో 7 డీఎన్ఏ అక్షరాలు పొరపాటున రెండుసార్లు పడ్డాయి. అచ్చుతప్పులాంటిదే. పెరూ బోడి కుక్కలోనూ, చైనీస్ క్రెస్టెడ్ అనే బొచ్చు లేని జాతిలోనూ ఇదే తప్పు ఉంది. కడుపులో పిండం పెరిగేటప్పుడు బొచ్చూ పళ్లూ పైపొర నుంచే మొదలవుతాయి కాబట్టి, ఈ తప్పు రెంటినీ దెబ్బకొట్టింది. షోలో నోరు తెరిస్తే కోరలకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీలే. తవ్వకాల్లో దొరికిన పుర్రెకు బొచ్చు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పళ్లు చూసి చెబుతారు.

దీన్ని ముట్టుకుంటే "జ్వరమా?" అనిపిస్తుంది. ఏం లేదు, మిగతా కుక్కల ఒంటి వేడే దీనికీ. మధ్యలో బొచ్చు అడ్డం లేదు, అంతే. కీళ్లనొప్పులకు దీన్ని పక్కలో పెట్టుకుని కాపడంలా వాడేవాళ్లు. రోగం తగ్గుతుందని నేను చెప్పను, వెచ్చగా మాత్రం ఉంటుంది. ఎండకు చర్మం కమిలిపోతుంది, చలికి వణుకుతుంది. పెంచాలనుకునేవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

కుక్కల జాతులను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1887లోనే దీన్ని చేర్చుకుంది. తర్వాత కుక్కలే కరువై 1959లో జాబితా నుంచి తీసేసి, మళ్లీ 2011లో చేర్చుకుంది. మెక్సికోలోనూ అంతరించిపోతుందన్న భయంతోనే 1954లో కొందరు అక్కడి గెరెరో రాష్ట్రంలో పల్లెలు తిరిగి మంచి షోలోలను వెతికి తెచ్చారు.

ఆఖరి ఫొటో చూడండి, ఒకే ఈతలో పుట్టిన పిల్లలు. తల్లీ తండ్రీ ఇద్దరికీ బొచ్చు లేదు, అయినా ఒక పిల్లకు ఒళ్లంతా బొచ్చే. ఆ తప్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే పిండం కడుపులోనే పోతుంది. అందుకే బతికున్న ప్రతి బోడి షోలోలోనూ ఆ జన్యువుకు తప్పులేని ప్రతి ఒకటి దాగి ఉంటుంది, అప్పుడప్పుడూ ఇలా బయటపడుతుంది. చాలామంది ఇలాంటి పిల్లను చూసి సంకరం అనుకుంటారు. కాదు, అదీ షోలోయే. దాని నోరు తెరిచి చూడండి, పళ్లన్నీ ఉంటాయి.