హలబ్జా: పేరు చెప్పని ఖండన

శ్రోతలకు నమస్కారం.

1988 మార్చి 16. ఇరాక్‌లో, ఇరాన్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న హలబ్జా అనే కుర్దుల పట్టణం. కుర్దులంటే ఇరాక్‌లోని ఒక అల్పసంఖ్యాక జాతి. ఇరాన్-ఇరాక్ యుద్ధంలో అప్పుడే ఇరాన్ సైన్యం, కుర్దు గెరిల్లాల చేతికి వచ్చింది. ఇరాక్ మొదట మామూలు బాంబులే వేసింది. జనం అలవాటు ప్రకారం నేలమాళిగల్లోకి దిగారు. ఆ తర్వాత విషవాయువు వదిలారు. అది గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. దాక్కున్నచోటే ప్రాణాలు పోయాయి. యాపిల్ పళ్ల వాసన వచ్చిందని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. చనిపోయినవాళ్లు సుమారు 5,000 మంది అని అంచనా.

ఇరాన్ విదేశీ విలేకరులను తీసుకెళ్లి మరీ చూపించింది. ఫొటోలు లోకమంతా చూసింది. మాకు తెలియదనడానికి ఇక ఎవరికీ వీల్లేదు.

అమెరికా ఖండించింది. కానీ ఆ నోటితోనే, ఇరాన్ కూడా రసాయన గుండ్లు వాడి ఉండొచ్చని అంది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి దాదాపు రెండు నెలలు పట్టింది. మే 9న చేసిన 612వ తీర్మానంలో ఖండన ఉంది గానీ హలబ్జా పేరు లేదు, కుర్దుల ఊసు లేదు, వాయువు వదిలింది ఎవరో లేదు. ఇరుపక్షాలూ ఇకమీదట మానుకోవాలట!

ఆగస్టులో యుద్ధం ఆగింది. చేతులు ఖాళీ అయిన ఇరాక్ సైన్యం మళ్లీ కుర్దుల మీద పడింది. వేలమంది టర్కీకి పారిపోయారు. సెప్టెంబరులో అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ షుల్జ్ ఇరాక్ మంత్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కుర్దుల మీద విషవాయువు వాడకం గురించి అడిగారు. ఆ మర్నాడే అమెరికా సెనేట్ ఇరాక్‌పై ఆంక్షల బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించింది. అధ్యక్షుడు రేగన్ ప్రభుత్వమే అది తొందరపాటు అంది. బిల్లు చట్టం కాలేదు. అసలు సంగతేమిటంటే, అమెరికా గోధుమలూ బియ్యమూ ప్రభుత్వ హామీతో అప్పు మీద ఇరాక్‌కు వెళ్లేవి. ఆంక్షలు పెడితే ముందు దెబ్బ తినేది సొంత రైతులే. దానికి తోడు ఇరాన్ బలపడుతుందన్న భయం.

1989 జనవరిలో పారిస్‌లో రసాయన ఆయుధాల మీద పెద్ద సమావేశం జరిగింది. దాని ప్రకటనలోనూ ఇరాక్ పేరు రాలేదు.

1990 ఆగస్టులో ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించాడు. అంతే, సొంత ప్రజల మీదే విషవాయువు వదిలినవాడని నాయకులందరికీ గుర్తొచ్చింది. కొత్త సాక్ష్యమేమీ దొరకలేదు, పాత ఫొటోలే. నాకు మింగుడుపడనిది ఇదే.

1991లో కుర్దులు తిరగబడ్డారు. ఇరాక్ అణిచేసింది. పది లక్షలకు పైగా జనం టర్కీ, ఇరాన్ కొండల వైపు పరుగు తీశారు. ఏప్రిల్ 5న భద్రతా మండలి 688వ తీర్మానం వచ్చింది. ఈసారి ఇరాక్ పేరూ ఉంది, కుర్దుల ప్రాంతాల ప్రస్తావనా ఉంది. అనుకూలంగా 10 ఓట్లు. క్యూబా, యెమెన్, జింబాబ్వే వ్యతిరేకించాయి. చైనాతో పాటు ఓటు వేయకుండా తప్పుకున్న రెండో దేశం మనదే. మండలి అంతర్జాతీయ శాంతి, భద్రతల అంశానికే పరిమితం కావాలి, ఒక దేశం లోపలి రాజకీయాల్లోకి పోకూడదన్నది మన వాదన. కశ్మీర్ విషయం ఢిల్లీ మనసులో మెదల్లేదని ఎలా అనుకుంటాం? ఆ జాగ్రత్త నాకు అర్థమవుతుంది. కానీ ఆ రోజు కొండల్లో చలికి పిల్లలు చనిపోతున్నారు.

688లో సైన్యం మాట ఎక్కడా లేదు. అయినా అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ దాన్నే చూపించి, 36వ అక్షాంశానికి ఉత్తరాన ఇరాక్ విమానాలు ఎగరకూడదన్నాయి. జనం ఊళ్లకు తిరిగొచ్చారు. 1992 మేలో కుర్దులు సొంత పార్లమెంటుకు ఓట్లు వేసుకున్నారు.