జాన్ కోల్‌మన్ కెరీర్ రివ్యూ: 500 గోల్స్ కొట్టిన స్ట్రైకర్ అక్రింగ్టన్ స్టాన్లీకి ఏం ఇచ్చాడు?

నమస్తే అండీ. ఈరోజు రివ్యూ చేస్తున్నది ఒక మ్యాచ్ కాదు, ఒక సీజన్ కాదు, ఒక మనిషి మొత్తం కెరీర్. పేరు జాన్ కోల్‌మన్. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ మనిషి. స్ట్రైకర్‌గా 500కు పైగా గోల్స్ కొట్టాడు. కానీ ఫుట్‌బాల్ లీగ్‌లో, అంటే పై నాలుగు డివిజన్లలో, ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ గోల్స్ అన్నీ నాన్ లీగ్‌లోవే.

నాన్ లీగ్ అంటే ఏంటో ముందు చూద్దాం. పైన ప్రీమియర్ లీగ్, దాని కింద చాంపియన్‌షిప్, తర్వాత లీగ్ వన్, లీగ్ టూ. ఆ మూడింట్లో ఒక్కోదానిలో 24 క్లబ్బులు, సీజన్‌కి 46 మ్యాచులు. ఇక్కడిదాకా వచ్చేసరికి ఫుట్‌బాలే ఫుల్ టైమ్ ఉద్యోగం. దీని కిందంతా నాన్ లీగ్. అందులో మొదటి మెట్టుని అప్పట్లో కాన్ఫరెన్స్ అనేవాళ్లు, ఇప్పుడు నేషనల్ లీగ్. ఇంకా దిగితే నార్తర్న్ ప్రీమియర్ లీగ్ లాంటి ప్రాంతీయ లీగులు. కోల్‌మన్ ఆడింది అక్కడ. వృత్తి టీచరు. పగలు బడి, శనివారం మధ్యాహ్నమో మంగళవారం రాత్రో మ్యాచ్.

మోర్‌కామ్, సౌత్‌పోర్ట్, మెరైన్, రన్‌కార్న్, ఇలా చాలా క్లబ్బులు తిరిగాడు. ఆ లెవెల్లో గోల్ ఎలా పడుతుందో ఒకసారి ఊహించుకోండి. నవంబర్ వచ్చేసరికి పెనాల్టీ బాక్స్‌లో గడ్డి ఉండదు, బురదే. పాస్ తిన్నగా రాదు, మడమ ఎత్తుకి ఎగురుతుంది. రెండు టచ్‌లు తీసుకునేలోపు సెంటర్ బ్యాక్, అంటే మధ్యలో కాపలా ఉండే డిఫెండర్, మీద పడిపోతాడు. అందుకే అక్కడి గోల్స్‌లో ఎక్కువ భాగం ఒకే టచ్‌వి. వింగ్ నుంచి క్రాస్ బయలుదేరగానే డిఫెండర్ తల బంతి వైపు తిరుగుతుంది. ఆ అర సెకనులో అతని వీపు వెనక నుంచి జారుకుని దగ్గరి పోస్ట్‌కి ముందు చేరాలి. షాట్ కొట్టింది తోటివాడైనా గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారుతుందనే నమ్మకంతో ప్రతిసారీ లోపలికి పరుగెత్తాలి. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ పరుగు వృథా. పదోసారి గోల్. 500 దాటాయంటే వృథా పరుగులు ఎన్ని వేలో లెక్కేసుకోండి. ఆటగాడిగా నా రేటింగ్ 10కి 8. పై లీగులో పరీక్ష జరగలేదు కాబట్టి ఆ రెండూ తగ్గించాను.

1999లో ఆష్టన్ యునైటెడ్ నుంచి అక్రింగ్టన్ స్టాన్లీకి మేనేజర్‌గా, అంటే టీమ్‌ని నడిపే కోచ్‌గా వచ్చాడు. ఈ క్లబ్ కథ తెలియకపోతే కోల్‌మన్ చేసిన పని బరువు అర్థం కాదు. అక్రింగ్టన్ అంటే లాంకషైర్‌లో సుమారు 35 వేల జనాభా ఉన్న ఊరు. 1962 మార్చిలో క్లబ్ అప్పులు తీర్చలేక సీజన్ మధ్యలోనే లీగ్‌కి రాజీనామా ఉత్తరం పంపింది. తర్వాత వెనక్కి తీసుకుంటామంటే లీగ్ ఒప్పుకోలేదు. అప్పటికి ఆడిన మ్యాచుల ఫలితాలన్నీ పట్టికలోంచి చెరిపేశారు. ఆ ఖాళీలోకి ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్‌ని తీసుకున్నారు. స్టాన్లీ 1966లో పూర్తిగా మూతపడి, 1968లో అదే పేరుతో మళ్లీ పుట్టింది. కోల్‌మన్ పుట్టింది కూడా ఆ 1962లోనే, అక్టోబర్‌లో.

ఆయన వచ్చేటప్పటికి క్లబ్ నార్తర్న్ ప్రీమియర్ లీగ్ పై డివిజన్ నుంచి కింది డివిజన్‌కి పడి ఉంది. పక్కన జిమ్మీ బెల్ అసిస్టెంట్. 2000లో డివిజన్ టైటిల్. 2003లో ప్రీమియర్ డివిజన్ టైటిల్. 2006లో కాన్ఫరెన్స్ టైటిల్. ఏడు సీజన్లలో మూడు టైటిళ్లు కొట్టి ఫుట్‌బాల్ లీగ్‌లోకి తిరిగొచ్చింది. అదే 2006లో లీగ్ టూ నుంచి కిందికి పడిన క్లబ్బుల్లో ఒకటి ఏదో తెలుసా? ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్. 44 ఏళ్ల క్రితం స్టాన్లీ కుర్చీలో కూర్చున్న క్లబ్బే. ఫుట్‌బాల్‌లో ఇంతకంటే అందమైన లెక్క నాకు కనబడలేదు.

ఆ ఎదుగుదలకి ముందు వరుస మనిషి పాల్ మల్లిన్. ఒక్క మాట, రెక్సమ్‌కి ఆడిన పాల్ మల్లిన్ కాదు, అతను వేరే. ఈయన 1974లో పుట్టినవాడు, 2000 నుంచి 2009 దాకా స్టాన్లీలోనే ఉన్నాడు. కోల్‌మన్ పద్ధతి ఇక్కడే కనిపిస్తుంది. చిన్న క్లబ్‌లో డబ్బు పెట్టేదేదైనా ఉంటే ముందు గోల్ కొట్టేవాడి మీద పెట్టాలి, అతన్ని చాలాకాలం నిలుపుకోవాలి.

లీగ్ టూలో మొదటి ఏళ్లు మెల్లగా నడిచాయి. 2011లో ఐదో స్థానం, ప్లే ఆఫ్ (పై లీగ్‌కి వెళ్లే చివరి చోటు కోసం ఆడే మ్యాచులు) సెమీస్‌లో స్టీవనేజ్ చేతిలో ఓటమి. 2012 జనవరిలో రాచ్‌డేల్‌కి వెళ్లాడు. ఆ సీజన్ చివర్లో రాచ్‌డేల్ లీగ్ వన్ నుంచి పడింది, ఏడాదికే పదవి పోయింది. తర్వాత సౌత్‌పోర్ట్, ఐర్లండ్‌లో స్లైగో రోవర్స్, రెండూ కొద్ది నెలలే. ఈ భాగానికి 10కి 3. సొంతంగా కట్టుకున్న ఇల్లు వదిలి బయటికి వెళ్తే ఆయన పద్ధతి పారలేదు. నెమ్మదిగా ఆటగాళ్లని పోగేసి తయారుచేసే మేనేజర్‌కి మూడు నెలలు, ఆరు నెలలు సరిపోవు.

2014 సెప్టెంబర్‌లో మళ్లీ స్టాన్లీకే. ఇక అసలు కథ.

2016 మే, ఆఖరి రోజు. లీగ్ టూలో మొదటి మూడు స్థానాలకి నేరుగా ప్రమోషన్, అంటే పై లీగ్‌కి వెళ్లడం. ఉదయానికి స్టాన్లీ రెండో స్థానంలో ఉంది. సొంత మైదానంలో స్టీవనేజ్‌పై గెలిస్తే చాలు, ఇంకెవరి ఫలితమూ చూడక్కర్లేదు. 0-0 డ్రా అయింది. ఆక్స్‌ఫర్డ్ గెలిచి 86 పాయింట్లతో రెండో స్థానానికి వెళ్లిపోయింది. అవును, అదే ఆక్స్‌ఫర్డ్. ఇక మిగిలింది మూడో స్థానం. బ్రిస్టల్ రోవర్స్, డాగెన్‌హమ్ మ్యాచ్ 1-1 దగ్గర ఉంది. అది అలాగే ముగిస్తే స్టాన్లీ పైకి. 92వ నిమిషంలో బంతి పోస్ట్‌కి తగిలి వెనక్కొస్తే రోవర్స్ లెఫ్ట్ బ్యాక్ లీ బ్రౌన్ లోపలికి తోశాడు. ఇద్దరికీ 85 పాయింట్లు. గోల్ తేడా, అంటే కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది, రోవర్స్‌కి 31, స్టాన్లీకి 26. అంతే. తర్వాత ప్లే ఆఫ్‌లో ఏఎఫ్‌సీ వింబుల్డన్ చేతిలో రెండు మ్యాచులు కలిపి 3-2తో ఓడిపోయారు. ఆ వేసవిలో స్టాన్లీ ఆటగాళ్లు జాష్ విండాస్, మాట్ క్రూక్స్ ఇద్దరూ స్కాట్లండ్ క్లబ్ రేంజర్స్‌కి వెళ్లిపోయారు. చిన్న క్లబ్‌కి అసలు దెబ్బ ఇదే: ఒక గోల్‌తో ప్రమోషన్ పోతుంది, దాంతోపాటు టీమ్ కూడా పోతుంది.

అక్కణ్నుంచి రెండేళ్లలో 93 పాయింట్లతో లీగ్ టూ చాంపియన్. 2017-18 సీజన్. సగటు ప్రేక్షకులు రెండు వేల లోపే. ఈ సీజన్‌కి నేను ఎంత సమయమైనా ఇస్తాను. ఫార్మేషన్ 4-4-2, అంటే నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు. ముందు బిల్లీ కీ, కేడెన్ జాక్సన్. కీ లీగ్‌లో 25 గోల్స్, జాక్సన్ 16. ఈ జంట పనిచేసే తీరు చూడండి. జాక్సన్‌కి వేగం ఉంది, ఛానల్‌లోకి, అంటే ఫుల్ బ్యాక్‌కీ సెంటర్ బ్యాక్‌కీ మధ్య సందులోకి పరుగెత్తుతాడు. అతని భయంతో డిఫెన్స్ నాలుగడుగులు వెనక్కి జరుగుతుంది. అలా జరిగితే డిఫెన్స్‌కీ మిడ్‌ఫీల్డ్‌కీ మధ్య ఖాళీ తెరుచుకుంటుంది. కీ ఆ ఖాళీలో బంతి అందుకుంటాడు. వెనక్కి జరగకపోతే జాక్సన్ వెనకాలకి వెళ్లిపోతాడు. ఏ దారి ఎంచుకున్నా డిఫెన్స్ నష్టపోతుంది. ఇదేమీ కొత్త కనిపెట్టుడు కాదు, పాత పాఠమే. కానీ పాత పాఠాన్ని 46 మ్యాచుల పాటు తప్పు లేకుండా ఆడించడం చాలా కష్టం. కీ ని కోల్‌మన్ కొత్తగా కనిపెట్టలేదు కూడా. 2009-10లో కుర్రాడిగా లెస్టర్ నుంచి లోన్‌పై (తాత్కాలికంగా అరువు మీద) వచ్చి తన దగ్గరే ఆడాడు. వేరే క్లబ్బులు తిరిగొచ్చాక మళ్లీ తెచ్చుకున్నాడు. ఈ సీజన్‌కి 10కి 10, ఆలోచించక్కర్లేదు.

ఆ వేసవిలోనే జాక్సన్‌ని ఇప్స్‌విచ్ కొనుక్కుంది. 2020 జనవరిలో కీ మానసిక ఆరోగ్య సమస్యల గురించి బహిరంగంగా చెప్పి, 29 ఏళ్లకే ప్రొఫెషనల్ ఆట వదిలేశాడు. అలా చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో. క్లబ్ అతని పక్కనే నిలబడింది.

మరి గోల్స్ ఎవరు కొట్టాలి? 2019లో నాన్ లీగ్ క్లబ్ లెమింగ్టన్ నుంచి కోల్బీ బిషప్‌ని తెచ్చారు. అప్పటికి అతను స్కూల్లో పీఈటీ టీచరు. టీచరుగా పనిచేస్తూ గోల్స్ కొట్టిన మేనేజర్‌కి టీచరుగా పనిచేస్తూ గోల్స్ కొడుతున్న కుర్రాడు దొరికాడు. 2024లో పోర్ట్స్‌మత్ లీగ్ వన్ గెలిచినప్పుడు వాళ్ల టాప్ స్కోరర్ ఈ బిషపే. సౌత్‌పోర్ట్ నుంచి వచ్చిన డియాన్ చార్ల్స్ 2020-21లో లీగ్‌లోనే 19 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్ స్టాన్లీ లీగ్ వన్‌లో 11వ స్థానం.

కింది లీగ్ స్ట్రైకర్‌ని మీరూ అంచనా వేయాలనుకుంటే గోల్స్ అంకె ఒక్కటే చూడొద్దు. పెనాల్టీలు తీసేయండి. మిగిలినవాటిని ఆడిన నిమిషాలతో భాగించండి. బాక్స్ బయటినుంచి కొట్టినవి పక్కన పెట్టండి, అవి వచ్చే ఏడాది మళ్లీ రాకపోవచ్చు. ఆరు గజాల బాక్స్ చుట్టూ కొట్టినవి ఎన్నో లెక్కపెట్టండి. అవి కదలికతో వచ్చిన గోల్స్, ఏ లీగ్‌కి వెళ్లినా వెంట వస్తాయి.

పతనం కూడా ఇదే దారిలో వచ్చింది. 2022 జనవరిలో చార్ల్స్ బోల్టన్‌కి, వేసవిలో బిషప్ పోర్ట్స్‌మత్‌కి. 2022-23లో స్టాన్లీ 46 మ్యాచుల్లో 40 గోల్సే కొట్టి 77 ఇచ్చుకుంది. 44 పాయింట్లతో 23వ స్థానం, రెలిగేషన్, అంటే కింది లీగ్‌కి పడిపోవడం. 46 పాయింట్లతో కేంబ్రిడ్జ్ బయటపడింది. తప్పు ఎక్కడ? డిఫెన్స్ అంతకుముందు కూడా గట్టిగా లేదు. కానీ అప్పుడు ముందున్నవాళ్లు ఎక్కువ కొట్టి కప్పేసేవాళ్లు. ఇద్దరూ ఏడాది తిరక్కుండా వెళ్లిపోతే ఆ కప్పు ఎగిరిపోయింది. స్ట్రైకర్‌ని వెతికే కన్ను సెంటర్ బ్యాక్‌ని వెతకడంలో అంత పదును చూపలేదు. నా దృష్టిలో కోల్‌మన్ మీద న్యాయంగా చెప్పగలిగే విమర్శ ఇదొక్కటే.

2024 మార్చిలో క్లబ్ ఆయన్ని, బెల్‌ని తప్పించింది. రెండు విడతలూ కలిపితే దాదాపు 22 ఏళ్లు. మేనేజర్‌గా మొత్తం మీద 10కి 9 ఇస్తున్నాను. పాత హైలైట్స్ దొరికితే 2017-18వి పెట్టుకుని చూడండి. చూసేటప్పుడు బంతిని వదిలేసి, క్రాస్ వచ్చే ముందు బిల్లీ కీ ఎటు నడుస్తున్నాడో చూడండి.