కాళ్ళు లాగడం, చేతులు వణకడం: వంశం నుంచి వచ్చేది ఎంత?

[తెర మీద: రాత్రి. మంచం మీద రెండు పాదాలు. ఒకదాన్నొకటి రాసుకుంటాయి, ముడుచుకుంటాయి, మళ్ళీ చాచుకుంటాయి.]

“కాళ్ళు ఊపకు, దరిద్రం!” ఈ మాట పడకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. కుర్చీలో కూర్చుని అలవాటుగా కాలు ఊపడం వేరు, నేను చెప్పబోయే బాధ వేరు. పడుకోగానే పిక్కలు లాగుతాయి. లోపల ఏదో పాకుతున్నట్టు ఉంటుంది. కాలు కదిపితే తప్ప ఉండలేరు. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, నడుం వాలిస్తే మళ్ళీ మొదలవుతుంది. పగలు అంతగా ఉండదు, పొద్దుగూకాక పెరుగుతుంది. దీని పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్.

[తెర మీద: బల్ల మీద స్టీలు గ్లాసు. దాన్ని అందుకోబోయే చెయ్యి.]

ఇంకొకరికి కాళ్ళు బాగానే ఉంటాయి. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే కదలదు కూడా. కాఫీ గ్లాసు నోటిదాకా తెచ్చేసరికి మాత్రం వణుకుతుంది. బ్యాంకుకు వెళ్తే సంతకం కలవలేదంటారు. పెళ్ళి భోజనానికి పిలిస్తే నలుగురిలో చెయ్యి వణుకుతుందని వెళ్ళడం మానేస్తారు. ఇది ఎసెన్షియల్ ట్రెమర్.

రెంటికీ మన ఊళ్ళలో ఒకటే పేరు: నరాల బలహీనత. మందూ ఒకటే, బి-కాంప్లెక్స్. అలా పదేళ్ళు, ఇరవై ఏళ్ళు నిద్ర లేకుండా, నలుగురిలోకి రాకుండా గడిపేస్తారు. ఈ వీడియో చేయడానికి కారణం అదే. రెండూ మెదడు పనితీరుకు సంబంధించినవి, రెంటికీ వైద్యం ఉంది. రెండూ కుటుంబాల్లో నడుస్తాయి. “మా అమ్మకీ ఇలాగే ఉండేది” అన్న మాట ఈ రోగుల దగ్గర తరచూ వినిపిస్తుంది.

వంశంలో నడుస్తుందంటే జన్యువుల్లో కనిపించాలి కదా? వెతికారు. కాళ్ళ జబ్బుకు చాలా దొరికాయి. వణుకు విషయంలో వంశ ప్రభావం కళ్ళకు కడుతున్నా, జన్యువులు అంత తేలిగ్గా చిక్కలేదు.

[తెర మీద: పాత లాటిన్ గ్రంథం పుట, తర్వాత “1672”.]

ముందు కాళ్ళ సంగతి. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే ఈ బాధను వర్ణించాడు. 1940లలో స్వీడన్ న్యూరాలజిస్టు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ దీన్ని వివరంగా రాసి పేరు పెట్టాడు. ఇది కుటుంబాల్లో వస్తోందనీ, ఇనుము తక్కువ ఉన్నవాళ్ళలో ఎక్కువ కనిపిస్తోందనీ ఆయనే గమనించాడు. ఆ రెండు గమనికలకూ ఉన్న లంకె బయటపడడానికి అరవై ఏళ్ళు పట్టింది.

2007లో జర్మనీలో జూలియానె వింకెల్మన్ బృందం, ఐస్‌లాండ్‌లో డీకోడ్ జెనెటిక్స్ సంస్థ దాదాపు ఒకేసారి ఫలితాలు ప్రకటించాయి. రోగుల డీఎన్ఏనూ, జబ్బు లేనివాళ్ళ డీఎన్ఏనూ లక్షల చోట్ల పోల్చి, తేడా ఎక్కడుందో చూశారు. ముఖ్యంగా రెండు జన్యువులు పైకి తేలాయి: మీస్1, బీటీబీడీ9. మీస్1 పిండంలో కాళ్ళూ చేతులూ, మెదడూ తయారయ్యేటప్పుడు పనిచేసే జన్యువు. జనంలో తరచుగా కనిపించే జన్యు మార్పుల్లో, ఈ జబ్బుకు సంబంధించి ఇప్పటివరకు తెలిసినవాటిలో అన్నిటికంటే బలమైనవి దాని దగ్గరే ఉన్నాయి. అంత బలమైనదైనా జబ్బు అవకాశాన్ని పెంచేది రెండు రెట్లకు లోపే.

బీటీబీడీ9 నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. శరీరంలో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే కొలత ఫెరిటిన్. ప్రతి జన్యువూ మనకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలుగా అందుతుంది. ఈ జన్యువు దగ్గర మార్పు ఉన్న ఒక్కో కాపీకి ఫెరిటిన్ సుమారు 13 శాతం తక్కువగా ఉన్నట్టు ఐస్‌లాండ్ బృందం చూసింది. 2012లో ఇంకో బృందం పండ్ల ఈగల్లో ఇదే రకం జన్యువును తీసేసింది. ఆ ఈగల నిద్ర ముక్కలైంది, కదలిక పెరిగింది, మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం తగ్గింది. డోపమైన్ తయారుచేసే ఎంజైముకు ఇనుము కావాలి. ఎక్‌బోమ్ విడివిడిగా చూసిన వంశమూ ఇనుమూ ఇక్కడ కలిశాయి.

[తెర మీద: “2024: 164 చోట్లు”.]

2024లో లక్ష మందికి పైగా రోగుల డీఎన్ఏ చూశాక, అవకాశాన్ని కాస్త కాస్త పెంచే చోట్లు 164కి చేరాయి. ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ కలిస్తే బరువు. వాటి మీద రక్తహీనత గానీ, చివరి నెలల గర్భం గానీ, కిడ్నీ జబ్బు గానీ తోడైతే అప్పటిదాకా అణిగి ఉన్నది బయటపడుతుంది. నలభై అయిదేళ్ళ లోపే మొదలైతే వంశ ప్రభావం ఎక్కువనుకోవచ్చు.

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. జన్యువులను మార్చలేం, ఇనుమును కొలవగలం, సరిచేయగలం. హిమోగ్లోబిన్ ఒక్కటి చూసి “రక్తం బాగానే ఉంది” అనుకోవద్దు. హిమోగ్లోబిన్ సరిగా ఉండి ఫెరిటిన్ అడుగంటినవాళ్ళు ఉంటారు. ఈ జబ్బున్న పెద్దవాళ్ళలో ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఇనుము ఇవ్వడం గురించి వైద్యులు ఆలోచిస్తారు. ల్యాబ్ కాగితంలో 20 కూడా “నార్మల్” అని అచ్చయి రావచ్చు, అందుకే ఈ అంకె గుర్తుంచుకోండి. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది. ఆ రోజుల్లో పరీక్ష వద్దు. ఇనుము మాత్రలు సొంతంగా మొదలుపెట్టడమూ వద్దు. తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బు జన్యువును మోస్తున్నవాళ్ళకు ఎక్కువ ఇనుము హాని చేయవచ్చు.

ఒక ముఖ్యమైన సంగతి: మత్తు తెచ్చే జలుబు మాత్రలు, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు ఈ కాళ్ళ బాధను పెంచుతాయి. రాత్రి నిద్ర కోసమని జలుబు మాత్ర వేసుకుంటే ఇంకా అవస్థ పడతారు.

[తెర మీద: గీసిన వలయం. మొదటిది సాఫీగా ఉంటుంది, రెండోది వణుకుతూ సాగుతుంది.]

ఇక చేతులు. 2001లో అమెరికాలో కవలల మీద చేసిన ఒక అధ్యయనంలో, ఒకే డీఎన్ఏ ఉండే ఒకే రూపు కవలల్లో ఒకరికి ఎసెన్షియల్ ట్రెమర్ ఉంటే రెండోవారికీ ఉన్న జంటలు 60 శాతం. మామూలు కవలల్లో 27 శాతం. డీఎన్ఏ పాత్రకు ఇంతకంటే సూటైన ఆధారం ఏం కావాలి? వణుకు ఉన్న అమ్మో నాన్నో ఉంటే పిల్లల్లో సగం మందికి రావడం చాలా కుటుంబాల్లో కనిపిస్తుంది.

అయినా అందరి వణుకునూ వివరించే జన్యువు దొరకలేదు. 1997లో ఐస్‌లాండ్ కుటుంబాల్లో మూడో క్రోమోజోమ్ మీద, అమెరికా కుటుంబాల్లో రెండో క్రోమోజోమ్ మీద జాడలు కనిపించాయి. 2009లో లింగో1 అనే జన్యువు పేరు వచ్చింది, తర్వాతి అధ్యయనాల్లో కొన్ని దాన్ని బలపరిచాయి, కొన్నిటిలో కనిపించలేదు. చైనా కుటుంబాలు కొన్నిటిలో నాచ్2ఎన్ఎల్‌సీ జన్యువులో ఒక చిన్న ముక్క వరుసగా మామూలు కంటే ఎక్కువసార్లు రావడం బయటపడింది. 2024లో 16 వేలకు పైగా రోగులను చూసిన అధ్యయనంలో తేలినవి 12 మార్పులు.

నా లెక్కలో దీనికి పెద్ద కారణం రోగనిర్ధారణే. వణుకును తేల్చే రక్తపరీక్ష లేదు, వైద్యుడు చూసి చెప్పాలి. పైకి ఒకేలా కనిపించే నాలుగైదు రకాల వణుకులు ఈ ఒక్క పేరు కిందికి వచ్చి చేరితే, ఏ ఒక్క జన్యువు జాడా బలంగా తేలదు. 2018లో నిపుణులు నిర్వచనాన్ని బిగించింది అందుకే.

వైద్యం మాత్రం జన్యువు కోసం ఆగనక్కర్లేదు. ప్రొప్రనలాల్, ప్రిమిడోన్ ఏళ్ళుగా వాడుకలో ఉన్నాయి. ఆస్తమా ఉన్నవాళ్ళు ప్రొప్రనలాల్ వాడకూడదు, ఆ మాట వైద్యుడికి ముందే చెప్పండి. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నా, ఆస్తమాకు వాడే సాల్బుటమాల్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ లాంటి మందులు వాడుతున్నా చేతులు వణుకుతాయి. ముందు అవి చూడాలి. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణికి, ఒక వైపే ఎక్కువగా ఉండి, నడక నెమ్మదిస్తే అది పార్కిన్సన్స్ కావచ్చు. ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి.

[తెర మీద: మూడు తరాల వంశవృక్షం.]

“మాది మేనరికం, దానివల్లేనా?” అని చాలామంది అడుగుతారు. మేనరికం వల్ల పెరిగేవి ముఖ్యంగా అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ రెండు కాపీలు అందితేనే వచ్చే జబ్బులు. ఈ రెండు జబ్బులూ చాలా కుటుంబాల్లో ఒక్క వైపు నుంచే నడుస్తాయి. ఆ నింద పెళ్ళి మీద వేయకండి, అమ్మ మీద అసలే వేయకండి.

మరి జన్యు పరీక్ష? ఈ రెంటికీ డబ్బు పెట్టి చేయించుకోవద్దనే చెబుతాను. బీటీబీడీ9 మార్పునే చూడండి, ఐరోపా మూలాలున్న జనంలో సగానికి పైగా దాన్ని మోస్తున్నారు. వాళ్ళలో ఎక్కువమందికి జబ్బు రాదు. పైగా నేను చెప్పిన పెద్ద అధ్యయనాలన్నీ దాదాపు ఐరోపా మూలాలున్నవాళ్ళ మీద చేసినవే. ఆ అంకెలతో మనవాళ్ళకు జబ్బు వచ్చే అవకాశం ఎంతో స్కోరు వేస్తే నమ్మలేం. ప్రపంచ జన్యు వైవిధ్యాన్ని నమోదు చేసిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళ నమూనాలు ఉన్నాయి. 10 వేల మంది భారతీయుల డీఎన్ఏ చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది, అందులో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పాలుపంచుకుంది. మన జనంలో మామూలుగా ఉండే మార్పులేవో వాటితో తెలుస్తుంది. ఈ జబ్బులున్న మనవాళ్ళ డీఎన్ఏ వేల సంఖ్యలో చేరితేనే మనకు సరిపోయే జవాబు వస్తుంది.

ఈలోగా ఒక కాగితం తీసుకోండి. తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ, మేనమామలు, పిన్నులు, ఎవరికి చెయ్యి వణికేది, ఎవరు రాత్రుళ్ళు కాళ్ళు పట్టమనేవారు, ఏ వయసులో మొదలైందో ఇంట్లో పెద్దల్ని అడిగి రాయండి. కింద మీరు వాడే మందులన్నీ, ఫెరిటిన్ అంకె రాసి న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి.