మాక్యులర్ హోల్‌కి కుట్లు వెయ్యరు, మరి ఎలా మూసుకుంటుంది?

"రెటీనాలో రంధ్రం పడిందట, ఆపరేషన్‌లో కుట్టేస్తారా, లేజర్‌తో అతికిస్తారా?" ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు చిరాకొస్తుంది, అడిగినవాళ్ల మీద కాదు, వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పనందుకు. మాక్యులర్ హోల్ అంటే కంటి వెనక తెరలాంటి రెటీనాకి నడిమధ్యన, సూటి చూపునిచ్చే మాక్యులాలో పడే రంధ్రం. దాన్ని ఏ సర్జనూ కుట్టడు. అది తనంతట తానే మూసుకోవాలి, సర్జన్ చేసేది దానికి అడ్డం తొలగించడమే.

నాలుగువైపులా బిగించి లాగిన గుడ్డని ఊహించుకోండి, మధ్యలో చిన్న చిల్లు. లాగినంతసేపూ అది నోరు తెరుచుకునే ఉంటుంది, వదిలేస్తే అంచులు దగ్గరికొస్తాయి. కంట్లో ఆ లాగేది విట్రియస్ అనే జెల్లీ. వయసుతో అది కుంచించుకుపోతూ రెటీనా నుంచి విడిపోయేటప్పుడు, నడిమధ్యలో మాత్రం ఊడిరాకుండా పట్టుకుని లాగుతుంది. ఆ జెల్లీని తీసేసి గ్యాస్ నింపితే హోల్ మూసుకుంటుందని 1991లో కెల్లీ, వెండెల్ అనే కంటి సర్జన్లు చూపించారు. అంతకుముందు దీనికి వైద్యమే లేదనుకునేవాళ్లు! అయితే అప్పట్లో మూసుకున్నవి 58 శాతమే.

ఎందుకంటే లాగే చేతులు వదిలించినా గుడ్డకి అంటుకున్న బిరుసు లైనింగ్ ఒకటి మిగిలింది, అదే ఐఎల్‌ఎం, రెటీనా లోపలివైపు ఉండే పలచని పొర. మందం కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దానికి నీలం రంగు డై పట్టించి, సన్నటి ఫోర్సెప్స్‌తో హోల్ చుట్టూ ఒలిచేస్తారు (మైక్రోస్కోప్ కింద చేసే ఈ పని చూస్తే నాకు ఇప్పటికీ ఊపిరి ఆగినట్టే ఉంటుంది). 400 మైక్రాన్ల లోపు వెడల్పున్న హోల్స్ పదింట తొమ్మిదికి పైగా ఈ పీలింగ్‌తోనే మూసుకుంటాయి.

400 దాటితేనే అసలు చర్చ. 2010లో కంటి సర్జన్ మిహలెవ్‌స్కా బృందం ఇన్వర్టెడ్ ఫ్లాప్ అనే పద్ధతి ప్రచురించింది. లైనింగ్ మొత్తం పీకేయకుండా చిల్లు అంచున కొంచెం ఉంచి, దాన్నే తిరగేసి చిల్లు మీద కప్పుతారు, కుట్టులేని మాసిక అన్నమాట. దాని మీదుగా కణాలు పెరిగి ఖాళీని పూడుస్తాయి. వాళ్ల పోలికలో మామూలు పద్ధతితో 88 శాతం మూసుకుంటే ఫ్లాప్‌తో 98 శాతం. నాకు చాలా నచ్చిన ఆలోచన ఇది. అలాగని చిన్న హోల్ ఉన్నవాళ్లు "కొత్తది కదా, నాకూ అదే చెయ్యండి" అనక్కర్లేదు, గుడ్డ వదులైతే చాలు కలిసిపోయే చిల్లుకి మాసిక ఎందుకు? పైగా హోల్ మూసుకోవడం వేరు, చూపు రావడం వేరు. కింద ఉన్న ఫోటోరిసెప్టర్లు, అంటే వెలుగుని పట్టే కణాలు, ఎంత మిగిలాయన్నదాన్ని బట్టే చూపు, అందుకే ఆలస్యం చేయొద్దంటారు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఒకసారి ఆపరేషన్ చేసినా మూసుకోని పెద్దవాటికి మాసికని వేరేచోటు నుంచి తెస్తారు: ఉమ్మనీటి సంచి పొర, లేదా అదే కంటి రెటీనా అంచు నుంచి చిన్న ముక్క. ఆపరేషన్ తర్వాత బోర్లా పడుకోమనేది కంట్లో నింపిన గ్యాస్ బుడగ పైకి తేలి హోల్‌కి ఆనుకోవాలని, దాన్ని పొడిగా ఉంచాలని. ఎస్‌ఎఫ్6 అనే గ్యాస్ అయితే సుమారు రెండు వారాలు, సీ3ఎఫ్8 అనే గ్యాస్ అయితే రెండు నెలల దాకా ఉంటుంది. అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు, ఎత్తైన కొండలకీ వెళ్లకూడదు. ఈలోగా ఇంకేదైనా ఆపరేషన్ పడితే, కంట్లో గ్యాస్ ఉందని మత్తు డాక్టరుకి ముందే చెప్పండి, నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు గ్యాస్ ఇస్తే బుడగ ఉబ్బి, కంట్లో ఒత్తిడి పెరిగి, ఉన్న చూపు కూడా పోవచ్చు.